చిన్న అణు రియాక్టర్లు: చౌక ఎక్కడి నుంచి రావాలి?

హైదరాబాద్ ఈసీఐఎల్ ప్రాంతంలో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది. నగరంలో చాలామందికి అది బస్సులోంచి కనిపించే పొడవాటి కాంపౌండు గోడ, అంతే. 1971లో మొదలైన ఆ సంస్థలో తయారయ్యే ఒక వస్తువు చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. అర మీటరు పొడవున్న 19 సన్నటి గొట్టాలను గుండ్రంగా కట్టగట్టి రెండు చివర్లా బిగిస్తారు. గొట్టాలు జిర్కోనియం మిశ్రమలోహంతో చేసినవి. వాటి లోపల వేలి కొసంత లావున్న యురేనియం ఆక్సైడ్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. మొత్తం కట్ట బరువు 16 కిలోల పైచిలుకు, అంటే వంట గ్యాస్ సిలిండర్‌లో పట్టే గ్యాస్ కన్నా రెండు కిలోలు ఎక్కువ. రియాక్టర్‌లోకి వెళ్లిన ఆ కట్ట తన పని పూర్తిచేసి బయటికి వచ్చేసరికి దాదాపు ఆరు లక్షల యూనిట్ల కరెంటు ఇస్తుంది. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లు 250 ఉన్నాయనుకుంటే వాటన్నిటికీ ఏడాది పొడవునా సరిపోతుంది. అంతే కరెంటు బొగ్గుతో తీయాలంటే ఏడు రైలు వ్యాగన్ల బొగ్గు తగలబెట్టాలి.

ఈ 19 గొట్టాల కట్టలు వెళ్లేది 220 మెగావాట్ల రియాక్టర్లకు. 300 మెగావాట్ల లోపు రియాక్టర్లను అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చిన్న రియాక్టర్లుగానే లెక్కిస్తుంది. ఆ కొలత ప్రకారం మన దేశం చిన్న రియాక్టర్లను నాలుగు దశాబ్దాలకు పైగా నడుపుతోంది. కల్పాక్కం, నరోరా, కాక్రాపార్, కైగా, రాజస్థాన్‌లోని రావత్‌భాటాలో ఈ తరగతివి డజనుకు పైగా ఉన్నాయి. వాటిలో కైగా మొదటి యూనిట్ 2016 మే నుంచి 2018 డిసెంబర్ 31 దాకా 962 రోజులు ఒక్కసారి కూడా ఆగకుండా నడిచి అప్పటికి ప్రపంచ రికార్డు సృష్టించింది. కాబట్టి చిన్న రియాక్టర్ అనగానే ఏదో విదేశాల నుంచి కొత్తగా ఊడిపడుతున్న వింత అనుకోనక్కర్లేదు. చిన్న రియాక్టర్ నడపడం మనకు వచ్చు. దాన్ని చౌకగా, త్వరగా, వరుసగా కట్టడం మాత్రం ఇంకా ఎవరికీ సరిగ్గా రాలేదు. ఎస్ఎంఆర్ అని పిలుస్తున్న చిన్న మాడ్యులర్ రియాక్టర్ల కథంతా ఆ ఒక్క చోటే తేలాలి.

ఆ పేరులో ముఖ్యమైన మాట ‘మాడ్యులర్’. మామూలు అణు విద్యుత్ కేంద్రాన్ని సైటులోనే కడతారు. వేలమంది పనివాళ్లు ఏళ్ల తరబడి అక్కడే ఉండి ఇనుము కడతారు, కాంక్రీటు పోస్తారు, పైపులకు వెల్డింగ్ చేస్తారు. ఒక వెల్డింగ్ తేడా వస్తే పని ఆగుతుంది. పని ఆగినా అప్పు మీద వడ్డీ ఆగదు. దీనికి బదులుగా రియాక్టర్‌లో ఎక్కువ భాగాన్ని ఫ్యాక్టరీలో, ఒకే నమూనాలో, ఒకే పనివాళ్ల చేతుల మీదుగా తయారుచేసి రైల్లోనో ఓడలోనో తెచ్చి బిగిస్తే ఎలా ఉంటుంది? పదో మాడ్యూల్ మొదటిదానికన్నా తక్కువ ఖర్చుతో, తక్కువ తప్పులతో వస్తుందన్నది ఆశ. విమానాలు, ఓడ ఇంజన్లు అలాగే వస్తున్నాయి. మన 220 మెగావాట్ల రియాక్టర్లు చిన్నవే గానీ ఈ అర్థంలో మాడ్యులర్ కావు.

నిజానికి అణుశక్తి చరిత్ర మొదలైందే చిన్న రియాక్టర్లతో. అమెరికా నౌకాదళం 1954లో ప్రవేశపెట్టిన నాటిలస్ జలాంతర్గామిలో ఉన్నది ఇరుకైన గదిలో పట్టే రియాక్టరే. అంటార్కిటికాలోని మెక్‌మర్డో స్థావరంలో 1962 నుంచి పదేళ్లపాటు రెండు మెగావాట్ల లోపు రియాక్టర్ ఒకటి పనిచేసింది. తర్వాత లీకేజీ భయాలు, ఖర్చు చూసి తీసేశారు. మన విషయానికొస్తే, అరిహంత్ జలాంతర్గామిని 2009 జులైలో విశాఖపట్నంలో జలప్రవేశం చేయించారు. దాని రియాక్టర్‌కు నమూనా అంతకు ముందే కల్పాక్కంలో నేల మీద నడిచింది. తేలికనీటితో, అంటే మామూలు నీటితో పనిచేసే చిన్న రియాక్టర్ రూపకల్పన మన శాస్త్రవేత్తలకు అలవాటైన విద్యే.

మరి చిన్నవాటిని వదిలి అందరూ పెద్దవాటి వైపు ఎందుకు వెళ్లారు? పెళ్లికి వెయ్యిమందికి వండాలంటే వంటమేస్త్రి పెద్ద గుండిగలు పెడతాడు గానీ రెండొందల చిన్న గిన్నెలు పెట్టడు. రియాక్టర్ 200 మెగావాట్లదైనా 1,000 మెగావాట్లదైనా కంట్రోల్ రూమ్ కావాలి, భద్రతా సిబ్బంది కావాలి, లైసెన్సు కాగితాలు కావాలి, గోడలు మందంగానే కట్టాలి. ఆ ఖర్చును ఎక్కువ యూనిట్ల మీద పంచితే కరెంటు చౌక అవుతుంది. మన అణు విద్యుత్ సంస్థ కూడా ఈ లెక్కతోనే 220 నుంచి తారాపూర్‌లో 540కి, ఆ తర్వాత కాక్రాపార్‌లో 700 మెగావాట్లకు వెళ్లింది. ఇప్పుడు మళ్లీ కిందికి దిగాలంటే గట్టి కారణం ఉండాలి.

మొదటి కారణం భద్రత. దీన్ని కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే అణు ప్రమాదాల గురించి భయం చాలామందికి ఉన్నా ఆ ప్రమాదం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పేవాళ్లు తక్కువ.

రియాక్టర్‌ను ఆపడం తేలిక. యురేనియం పరమాణువులను విడగొట్టే కణాలైన న్యూట్రాన్లను పీల్చేసే కడ్డీలు లోపలికి జారితే, ఒకదాని వెంట ఒకటి విడిపోయే ఆ గొలుసు చర్య కొన్ని క్షణాల్లో ఆగిపోతుంది. కానీ వేడి ఆగదు. అప్పటిదాకా విడిపోయిన యురేనియం ముక్కలు ఇంకా క్షీణిస్తూ వేడి విడుదల చేస్తూనే ఉంటాయి. ఆపిన మరుక్షణం ఆ వేడి పూర్తి శక్తిలో ఆరేడు శాతం ఉంటుంది, ఒక రోజు గడిచేసరికి అర శాతానికి దిగుతుంది. చిన్న అంకెల్లా వినిపిస్తాయి గానీ, 3,000 మెగావాట్ల వేడి పుట్టించే పెద్ద రియాక్టర్‌లో ఆపిన వెంటనే 200 మెగావాట్ల వేడి, మర్నాటికి కూడా 15 మెగావాట్ల వేడి ఉంటుంది. దాన్ని రోజుల తరబడి తీసేస్తూ ఉండాలి. తీయలేకపోతే ఇంధనం కరుగుతుంది.

2011 మార్చి 11న ఫుకుషిమాలో జరిగింది ఇదే. భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు ఆగాల్సినట్టే ఆగాయి. బయటి నుంచి వచ్చే కరెంటు పోయింది, డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. ముప్పావు గంట తర్వాత సునామీ గోడ దాటి వచ్చి కింది అంతస్తుల్లో ఉన్న జనరేటర్లను ముంచింది. పంపులు తిరగలేదు. ఆగిపోయిన రియాక్టర్లలోనే మిగిలిన వేడికి మూడింటిలో ఇంధనం కరిగింది. పంపు, కరెంటు, డీజిల్ అనే మూడింటి మీద భద్రత ఆధారపడితే ఏమవుతుందో ప్రపంచం ఆ వారంలో చూసింది.

చిన్న రియాక్టర్ వాదన ఇక్కడ బలంగా ఉంటుంది. అన్నం గుండిగను పొయ్యి మీంచి దించి గంటైనా మధ్యలో చెయ్యి పెట్టలేం. అదే అన్నం కంచంలో పెట్టుకుంటే ఐదు నిమిషాల్లో కలుపుకొని తింటాం. పరిమాణం తగ్గేకొద్దీ లోపలి వేడితో పోలిస్తే బయటికి వేడి పోయే ఉపరితలం ఎక్కువవుతుంది. పైగా తీయాల్సిన వేడే తక్కువ. అందుకని చాలా ఎస్ఎంఆర్ నమూనాల్లో పంపుల అవసరం లేకుండా చూస్తున్నారు. వేడెక్కిన నీరు తేలికై పైకి వెళ్తుంది, చల్లబడి కిందికి వస్తుంది, ఆ తిరుగుడే రియాక్టర్‌ను చల్లబరుస్తుంది. కరెంటు పోయినా, మనుషులు ఎవరూ బటన్ నొక్కకపోయినా గురుత్వాకర్షణ మాత్రం సెలవు పెట్టదు.

ఇది కాగితం మీది మాట మాత్రమే కాదు. చైనా షాన్‌డాంగ్ రాష్ట్రంలోని షిదావోవాన్‌లో హీలియం వాయువుతో చల్లబడే చిన్న రియాక్టర్లు రెండు ఉన్నాయి. రెండూ కలిసి 210 మెగావాట్ల టర్బైన్ ఒకదాన్ని తిప్పుతాయి. 2023లో నడుస్తున్న రియాక్టర్లకు కావాలనే శీతలీకరణ ఆపేసి చూశారు. బయటి సాయం లేకుండానే అవి చల్లబడ్డాయి. వాణిజ్య స్థాయి రియాక్టర్ మీద చేసిన ఈ పరీక్షకు చాలా విలువ ఉంది, ఎందుకంటే అణు భద్రత గురించి హామీలు చాలా విన్నాం, ఇలా చేసి చూపించినవి తక్కువ.

అయినా ఆ పరీక్ష ఆ నమూనాకే వర్తిస్తుంది. ప్రపంచంలో ఎస్ఎంఆర్ పేరుతో డజన్ల కొద్దీ డిజైన్లు ఉన్నాయి. కొన్ని నీటితో, కొన్ని ద్రవ సోడియంతో, కొన్ని కరిగిన లవణాలతో చల్లబడతాయి. ఒకదాని రికార్డు ఇంకోదానికి అరువు ఇవ్వలేం. పెద్ద రియాక్టర్ ఒకటి ఉన్న చోట ఆరు చిన్నవి పెడితే కాపలా కాయాల్సినవీ ఆరవుతాయి.

ఇక ఖర్చు. ఎస్ఎంఆర్‌ల మీద ఉత్సాహం చాలాసార్లు చల్లబడింది ఇక్కడే.

అమెరికాలో న్యూస్కేల్ కంపెనీ ఎస్ఎంఆర్ డిజైన్‌కు నియంత్రణ సంస్థ ఆమోదం తెచ్చుకున్న మొదటి సంస్థ. యూటా పరిసర రాష్ట్రాల్లోని పట్టణ విద్యుత్ సంస్థలు కలిసి ఐడహోలో దాని మాడ్యూళ్లు ఆరు పెట్టి 462 మెగావాట్ల కేంద్రం కట్టాలనుకున్నాయి. మెగావాట్ అవర్‌కు, అంటే వెయ్యి యూనిట్లకు, 58 డాలర్లు అనుకున్న ధర 89 డాలర్లకు పెరిగింది, అదీ ప్రభుత్వ సబ్సిడీ పోగా. మొత్తం ఖర్చు అంచనా 930 కోట్ల డాలర్లకు చేరింది. కరెంటు కొంటామని సరిపడా పట్టణాలు ముందుకు రాలేదు. 2023 నవంబర్‌లో ప్రాజెక్టును వదులుకున్నారు. సాంకేతికంగా ఆ డిజైన్‌కు వంక పెట్టినవాళ్లు ఎవరూ దాన్ని ఆపలేదు. చిన్న ఊళ్ల విద్యుత్ సంస్థలు కరెంటు బిల్లు చూసి వెనక్కి తగ్గాయి.

కెనడాలో ఒంటారియో రాష్ట్రం మాత్రం ధైర్యం చేసింది. డార్లింగ్టన్‌లో 300 మెగావాట్ల రియాక్టర్లు నాలుగు కట్టడానికి 2025 మేలో అనుమతి ఇచ్చింది. మొత్తం 2,090 కోట్ల కెనడియన్ డాలర్లు. రూపాయల్లో లెక్కేస్తే మెగావాట్‌కు వంద కోట్లకు పైనే. హరియాణాలోని గోరఖ్‌పూర్‌లో 700 మెగావాట్ల యూనిట్లు రెండింటికి 2014లో మన కేంద్ర ప్రభుత్వం మంజూరు చేసింది 20,594 కోట్ల రూపాయలు. అంటే మెగావాట్‌కు 15 కోట్ల లోపు. ఈ రెండు అంకెల్నీ నేరుగా పక్కపక్కన పెట్టడం పూర్తి న్యాయం కాదు. కెనడా అంకెలో ఉమ్మడి వసతులూ అనుకోని ఖర్చుల కోసం ఉంచిన డబ్బూ కలిసి ఉన్నాయి, కూలీ రేట్లు వేరు, మధ్యలో పదకొండేళ్ల ధరల పెరుగుదల ఉంది, పైగా గోరఖ్‌పూర్ ఇంకా పూర్తి కాలేదు. ఇవన్నీ తీసేసినా తేడా చిన్నది కాదు. విదేశీ ఎస్ఎంఆర్‌ను అలాగే దిగుమతి చేసుకుంటే ఆ కరెంటును మన డిస్కంలు కొనగలవా అనేది మొదట వేసుకోవాల్సిన ప్రశ్న.

డార్లింగ్టన్ లెక్కలో ఇంకో విషయం ఉంది. మొదటి యూనిట్ ఒక్కదానికే 610 కోట్ల డాలర్లు, దానికి తోడు నాలుగింటికీ ఉమ్మడిగా వాడే వసతులకు 160 కోట్లు. మిగతా మూడూ ఒక్కోటీ అంతకన్నా తక్కువలో వస్తాయని అంచనా. పరిమాణం తగ్గడం వల్ల ఎప్పుడూ నష్టమే. అదే వస్తువును మళ్లీ మళ్లీ చేయడం వల్ల లాభం. రెండోది మొదటిదాన్ని దాటాలంటే ఒకే డిజైన్‌కు వరుసగా ఆర్డర్లు ఉండాలి. ఆర్డర్లు లేకపోతే ఫ్యాక్టరీ ఎవరూ పెట్టరు, ఫ్యాక్టరీ లేకపోతే ధర తగ్గదు, ధర తగ్గకపోతే ఆర్డర్లు రావు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

ఇప్పటికే నడుస్తున్నవి చూసినా సమయం గురించి ఇదే పాఠం. రష్యా 2007లో మొదలుపెట్టిన తేలే అణు విద్యుత్ కేంద్రం అకడెమిక్ లొమొనోసొవ్ ఆర్కిటిక్ తీరంలోని పెవెక్ ఊరికి కరెంటు ఇవ్వడం 2019 డిసెంబర్‌లో మొదలైంది. అందులో 35 మెగావాట్ల రియాక్టర్లు రెండున్నాయి. షిదావోవాన్ పనులు 2012లో మొదలైతే వాణిజ్య ఉత్పత్తి 2023 డిసెంబర్‌లో. రెండూ పదకొండు, పన్నెండేళ్లు తీసుకున్నాయి. అర్జెంటీనా 2014లో కాంక్రీటు పోసిన కారెమ్ అనే చిన్న రియాక్టర్ పూర్తి కాకుండానే నిలిచిపోయింది. మొదటి యూనిట్ ఎక్కడైనా ఆలస్యమే. దేశాలు వాటి తర్వాత రెండోది, మూడోది కట్టాయా లేదా అన్నదే చూడాలి.

మన దేశం ఇప్పుడు రెండు దారుల్లో నడుస్తోంది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో అణుశక్తి మిషన్ కోసం 20,000 కోట్లు ప్రకటించారు. స్వదేశీ డిజైన్‌తో కనీసం ఐదు చిన్న రియాక్టర్లను 2033 నాటికి నడిపించాలన్నది లక్ష్యం. 2047కి మొత్తం అణు విద్యుత్ సామర్థ్యం లక్ష మెగావాట్లకు చేరాలన్నది దాని పైలక్ష్యం. 2025లో ఉన్నది 9,000 మెగావాట్ల లోపే.

మొదటి దారి భారత్ స్మాల్ రియాక్టర్. ఇది మన పాత 220 మెగావాట్ల భారజల రియాక్టరే, కొన్ని మెరుగులు దిద్దినది. భారజలం అంటే మామూలు హైడ్రోజన్ బదులు బరువైన హైడ్రోజన్ ఉండే నీరు. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు లాంటి పరిశ్రమలు తమ సొంత అవసరానికి కట్టించుకునేలా పథకం వేశారు. స్థలం, పెట్టుబడి కంపెనీవి. నిర్మాణ పర్యవేక్షణ, నడపడం అణు విద్యుత్ సంస్థవి. ఇందులో కొత్తదనం తక్కువ, అందుకే వార్తల్లో చోటూ తక్కువ. కానీ అన్ని ప్రతిపాదనల్లోకీ ఎక్కువ నమ్మదగినది ఇదే. దీనికి సహజ యురేనియం చాలు, శుద్ధి చేసి అందులో తేలిగ్గా విడిపోయే రకం యురేనియం శాతం పెంచాల్సిన పని లేదు. ఇంధనం కట్టలు హైదరాబాద్ నుంచి వస్తాయి. భారజలం కావాలంటే గోదావరి ఒడ్డున మణుగూరులో ప్లాంటు ఉంది. కంట్రోల్ పరికరాలు చేయడం ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌కు దశాబ్దాల అలవాటు. తెలుగు నేల మీద ఉన్న ఈ మూడు సంస్థల్లో తరాల తరబడి పనిచేసిన ఆపరేటర్లు, వెల్డర్లు, టెక్నీషియన్ల చేతి పనితనం ఏ విదేశీ ఒప్పందంతోనూ కొనగలిగేది కాదు.

రెండో దారిలో భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) చేస్తున్న కొత్త డిజైన్లు మూడున్నాయి. 200 మెగావాట్ల భారత్ స్మాల్ మాడ్యులర్ రియాక్టర్, 55 మెగావాట్లది ఒకటి, హైడ్రోజన్ తయారీ కోసం అధిక ఉష్ణోగ్రత ఇచ్చే 5 మెగావాట్ల ఉష్ణశక్తి రియాక్టర్ ఒకటి. మొదటి రెండింటినీ తారాపూర్‌లో, మూడోదాన్ని విశాఖలోని బార్క్ ప్రాంగణంలో కట్టాలన్నది ప్రణాళిక. మంజూరు వచ్చాక 60 నుంచి 72 నెలలు పడుతుందని ప్రభుత్వమే చెప్పింది. 200 మెగావాట్ల దానికి కాస్త శుద్ధి చేసిన యురేనియం కావాలి. ఆ పనిలో మన సామర్థ్యం పరిమితం.

ఇంధన భద్రత అనే మాటను ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. అణు ఇంధనానికి ఒక గొప్ప సుగుణం ఉంది. 220 మెగావాట్ల రియాక్టర్‌కు ఏడాదికి కావాల్సిన కట్టలన్నీ కలిపి 45 టన్నుల చుట్టూ ఉంటాయి, ఐదారు లారీల్లో పడతాయి. అంతే సామర్థ్యమున్న బొగ్గు కేంద్రానికి పది లక్షల టన్నులకు పైగా కావాలి, అదీ రోజూ రైళ్లలో రావాలి. యుద్ధం వచ్చినా ఓడలు ఆగినా మూడు నాలుగేళ్ల అణు ఇంధనాన్ని ఒక గోదాములో దాచుకోవచ్చు. బొగ్గుతో, గ్యాస్‌తో అది కలలో మాట.

కానీ గోదాము నింపుకోవాలి కదా. 2008 ప్రాంతంలో యురేనియం కొరతతో మన రియాక్టర్లు సగం సామర్థ్యానికి పడిపోయిన రోజులున్నాయి. ఆ ఏడాది అణు సరఫరా దేశాల బృందం మనకు ఆంక్షల నుంచి మినహాయింపు ఇచ్చాక కజకిస్తాన్, రష్యా, కెనడా నుంచి కొనుక్కోగలిగాం. అంతకు ముందు, 1974 పోఖ్రాన్ పరీక్ష తర్వాత కెనడా చేయి విడిచింది, తారాపూర్‌కు అమెరికా ఇంధనం ఆగింది. శుద్ధి చేసిన యురేనియం కోసం బయటి దేశం మీద ఆధారపడటం అంటే ఏమిటో ఈ దేశం అనుభవించి తెలుసుకుంది. ఇప్పుడు అమెరికాలో చాలా కొత్త డిజైన్లు 20 శాతం దగ్గర దాకా శుద్ధి చేసిన ఇంధనం అడుగుతున్నాయి. దాన్ని వాణిజ్య స్థాయిలో అమ్మిన ప్రధాన దేశం రష్యా. ఆ డిజైన్లు ఎంత అందంగా ఉన్నా మనకు భద్రత ఇచ్చేవి కావు.

సొంత యురేనియం అనగానే కడప జిల్లా తుమ్మలపల్లె గుర్తుకు రావాలి. దేశంలోని పెద్ద యురేనియం నిల్వల్లో అదొకటి, 2012 నుంచి అక్కడ ఖనిజం నుంచి యురేనియం తీసే కర్మాగారం పనిచేస్తోంది. ఖనిజంలో యురేనియం వాటా చాలా తక్కువ. అందుకని తవ్వినదాంట్లో దాదాపు అంతా వ్యర్థపు బురదగా మారి చెరువులో చేరుతుంది. ఆ చెరువు దగ్గరి ఊళ్ల అరటి రైతులు బోరు నీళ్లు పాడయ్యాయని, తోటలు దెబ్బతిన్నాయని ఏళ్లుగా చెబుతున్నారు. నీటి పరీక్షల మీద, కారణాల మీద వాదాలు నడిచాయి. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు తెలంగాణ అంతటా నిరసన లేచి శాసనసభ తీర్మానం చేసేదాకా వెళ్లిందంటే, ఆ భయం వెనక తుమ్మలపల్లె బోర్ల కథ కూడా ఉంది. స్వచ్ఛమైన కరెంటు అని రాసేటప్పుడు పొగ గొట్టం లేకపోవడం ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ కరెంటు మొదలయ్యే చోట తాగే నీళ్లు ఎలా ఉన్నాయో కూడా అదే లెక్కలో రాయాలి. తుమ్మలపల్లె చుట్టూ ప్రతి బోరు నీటి పరీక్ష ఫలితం ఊరి పంచాయతీ గోడ మీద తెలుగులో అంటించడానికి పెద్ద టెక్నాలజీ అక్కర్లేదు.

వాడేసిన ఇంధనం సంగతి క్లుప్తంగా. చిన్న రియాక్టర్ గర్భం నుంచి న్యూట్రాన్లు ఎక్కువగా బయటికి జారిపోతాయి. అందుకే కొన్ని ఎస్ఎంఆర్ డిజైన్లలో యూనిట్ కరెంటుకు వచ్చే వ్యర్థం పెద్ద రియాక్టర్ల కన్నా ఎక్కువ ఉండొచ్చని 2022లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల బృందం చెప్పింది. కంపెనీలు ఒప్పుకోలేదు. మొత్తం వ్యర్థం పరిమాణం ఎలా చూసినా తక్కువే. దాన్ని వేల ఏళ్లు కాపాడే బాధ్యత మాత్రం తక్కువది కాదు.

బాధ్యత అన్నాం కాబట్టి చట్టం గురించి. 1984 భోపాల్‌ను ఈ దేశం మరచిపోలేదు. అక్కడి బాధితుల తరఫున 1989లో కుదిరిన 47 కోట్ల డాలర్ల రాజీ ఎంత తక్కువో అందరికీ తెలుసు. ఆ గాయం గుర్తుతోనే 2010లో చేసిన అణు బాధ్యత చట్టం, లోపమున్న పరికరం సరఫరా చేసిన కంపెనీ నుంచి కూడా డబ్బు రాబట్టుకునే హక్కును రియాక్టర్ నడిపేవారికి ఇచ్చింది. విదేశీ కంపెనీలు అందుకే వెనకాడాయి. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదించిన, ‘శాంతి’ అనే పొట్టి పేరున్న కొత్త అణుశక్తి చట్టం ఆ పాత చట్టాన్నీ 1962 అణుశక్తి చట్టాన్నీ తీసేసి ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది. సరఫరాదారు మీద ఆ హక్కు ఇప్పుడు ఒప్పందంలో రాసుకుంటేనో, కావాలని హాని చేస్తేనో ఉంటుంది. ఆపరేటర్ చెల్లించాల్సిన పరిమితిని రియాక్టర్ పరిమాణాన్ని బట్టి అంచెలుగా పెట్టారు. అతి పెద్దవాటికి 3,000 కోట్లు, 150 మెగావాట్ల ఉష్ణశక్తి (కరెంటు కాదు, పుట్టే వేడి లెక్క) లోపు వాటికి 100 కోట్లు. ఆ పైన భారం కేంద్రానిది.

చిన్న రియాక్టర్‌కు చిన్న బాధ్యత అనడంలో తర్కం ఉంది. కానీ 100 కోట్లు ఈ రోజుల్లో ఎంత? హైదరాబాద్‌లో ఒక మోస్తరు అపార్టుమెంట్ల సముదాయం విలువ. చిన్న రియాక్టర్ అంత సురక్షితమని నమ్మే కంపెనీకి ఇంకా పెద్ద మొత్తానికి బీమా తీసుకోవడం కష్టం కాకూడదు. ఆ పరిమితి పెంచాలి. అదే చట్టంలో ఒక మంచి మార్పు ఉంది. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలికి తొలిసారి చట్టబద్ధ హోదా వచ్చింది. ఇన్నాళ్లూ అది తాను తనిఖీ చేయాల్సిన శాఖ నీడలోనే పనిచేసింది. హోదా వచ్చినంత మాత్రాన స్వతంత్రత రాదు. ఒక ప్రైవేటు కంపెనీ రియాక్టర్‌కు అది మొదటిసారి ‘వద్దు’ అని చెప్పిన రోజున జనానికి నమ్మకం కుదురుతుంది.

ఆ నమ్మకం ఎంత అవసరమో శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడను చూస్తే తెలుస్తుంది. అక్కడ 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలని అనుకున్నారు. మొదట ఒక అమెరికా కంపెనీ అన్నారు, తర్వాత మరో అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ అన్నారు. ఆ వెస్టింగ్‌హౌస్ 2017 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది, తర్వాత చేతులు మారి కోలుకుంది. రెండు వేల ఎకరాల పైచిలుకు భూమి చుట్టూ నోటీసులు, సర్వేలు, ఆందోళనలు నడిచాయి. రియాక్టర్ మాత్రం లేదు. భూసేకరణ ప్రకటన పడిన ఊళ్లో ఇంటి పైకప్పు బాగుచేయించుకోవాలన్నా టెన్షనే, పిల్ల పెళ్లికి పొలం అమ్ముదామన్నా టెన్షనే. అణు ధార్మికత కన్నా ముందు ఆ ఊళ్లను తాకింది ఈ అనిశ్చితి.

భారీ ప్రాజెక్టుల ఈ జబ్బుకు చిన్న రియాక్టర్ ఒక మందు కావచ్చు. మన నిబంధనల ప్రకారం రియాక్టర్ చుట్టూ కనీసం ఒక కిలోమీటరు మేర మనుషులు నివసించకూడదు. వేడి తక్కువ, ఇంధనం తక్కువ కాబట్టి చిన్నవాటికి ఆ దూరం తగ్గించొచ్చని వాటిని సమర్థించేవాళ్లు అంటున్నారు. కొత్త భూమి అక్కర్లేకుండా మూతపడిన బొగ్గు కేంద్రాల స్థలం వాడుకోవచ్చని కూడా అంటున్నారు. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని కెమరర్ దగ్గర ఒక బొగ్గు కేంద్రం పక్కనే 345 మెగావాట్ల సోడియం రియాక్టర్ కడుతున్నది ఆ ఆలోచనతోనే. నీరు, కరెంటు లైన్లు, పని తెలిసిన మనుషులు ముందే ఉంటారు. పాల్వంచలో పాత కొత్తగూడెం థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని 2024 ఆగస్టులో పేల్చి కూల్చేసినప్పుడు చూసినవాళ్లకు అలాంటి స్థలం అంటే ఏమిటో తెలుసు. అయితే అదే గోదావరి లోయలో 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. బొగ్గు కేంద్రానికి పనికొచ్చిన ప్రతి చోటూ రియాక్టర్‌కు పనికిరాదు.

అవసరం మాత్రం నిజమైనది. మధ్యాహ్నం సోలార్ కరెంటు పుష్కలంగా ఉండి సాయంత్రం ఏడింటికి కరువయ్యే గ్రిడ్ మనది. ఉక్కు కొలిమి, సిమెంటు కిల్న్, డేటా సెంటర్ రాత్రిపూట పడుకోవు. విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ డేటా సెంటర్ పెడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. అదే సంస్థ అమెరికాలో 500 మెగావాట్ల చిన్న రియాక్టర్ల కరెంటు కోసం 2024లో కైరోస్ పవర్ అనే కంపెనీతో ఒప్పందం చేసుకుంది. అలాంటి కొనుగోలుదారులు ముందస్తుగా, ఎక్కువ ధరకైనా, ఇరవై ఏళ్లకు సంతకం పెట్టగలరు. తొలి రియాక్టర్ల అదనపు ఖర్చు మామూలు ఇళ్ల బిల్లుల మీద పడకుండా వాళ్లే మోయాలి. భారత్ స్మాల్ రియాక్టర్ పథకంలో పెట్టుబడి పరిశ్రమదే అనడం ఆ రకంగా సరైన నిర్ణయం.

మిగిలిన చిక్కు అంకెల్లోనే ఉంది. 2047 లక్ష్యానికి ఇంకా 91,000 మెగావాట్లు కావాలి. అన్నీ 220 మెగావాట్లవే కడితే నాలుగు వందలకు పైగా కావాలి. అది జరిగే పని కాదు, పెద్ద రియాక్టర్లు తప్పవు. చిన్నవాటికి వాటి చోటు వాటికి ఉంది, కానీ ఆ చోటు కూడా వరుసగా కడితేనే దక్కుతుంది. 2033కి ఐదు అన్న లక్ష్యంలో ఇప్పటికి కనిపిస్తున్నవి మూడు వేర్వేరు డిజైన్లు, దేనికీ పదో యూనిట్ ఆర్డరు లేదు. నిర్మాణానికే ఆరేళ్ల దాకా పడుతుందని ప్రభుత్వం చెప్పిన మాట నిజమైతే 2027 చివరికల్లా కాంక్రీటు పోయాలి. అప్పటికి ఈ మూడింటిలో దేన్ని పదిసార్లు కడతామో పేరు పెట్టి చెప్పి, దాని విడిభాగాలు చేసే కంపెనీలకు పదింటి ఆర్డరూ ఒకేసారి ఇవ్వాలి. ఈ మూడింటికి బదులు 220 మెగావాట్ల పాత రియాక్టర్‌నే ఎంచుకున్నా తప్పేమీ లేదు. దాని ఇంధనం కట్ట తయారుచేయడం ఈసీఐఎల్ దగ్గరి ఆ గోడ వెనక ఉన్నవాళ్లకు కొట్టిన పిండి.